డీఎస్ఎల్ఆర్ దింపేద్దామనుకుంటున్నారా? ముందు బ్యాగు తూచండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలా వాటిది ఒకటే గోడు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా మోయలేకపోతున్నాం, అద్దం లేని చిన్న మిర్రర్‌లెస్‌కి మారదామనుకుంటున్నాం, ఏది కొనమంటారు? అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు పెట్టి, ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ. నా దగ్గర కెనాన్ 80డి ఉంది. దాంతోపాటు 18-135, 50 ఎంఎం 1.8, 55-250 లెన్సులు, ఒక పాత కెనాన్ ఫ్లాష్. ఏళ్ల తరబడి ఇష్టంగా వాడాను. ఇప్పుడు మెడనొప్పి మొదలయ్యాక బీరువాలోంచి తీయడమే మానేశాను, అన్నీ ఫోన్‌తోనే కానిచ్చేస్తున్నాను. కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్50 తీసుకోమని ఒకరు, సోనీ ఏ6400 అని ఒకరు, ఫుజీ రంగులు బాగుంటాయని ఇంకొకరు చెబుతున్నారు. తీసేది పిల్లల్ని, ప్రయాణాల్లో, అప్పుడప్పుడు పక్షుల్ని. ఏది కొనాలి?

జవాబు: ఏ కెమెరా అనే మాట కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ బ్యాగులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా వంటింటి కాటా మీద పెట్టి తూచండి. మీ సామాను ఏమిటో రాశారు కాబట్టి లెక్క నేనే కట్టి చూశాను. 80డి బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 730 గ్రాములు. 18-135 యూఎస్ఎం అయితే 515. 50 ఎస్‌టీఎం 160. 55-250 ఎస్‌టీఎం 375. మొత్తం 1,780 గ్రాములు. ఇందులో ఫ్లాష్ లేదు, చార్జర్ లేదు, బ్యాగు బరువూ లేదు.

ఇప్పుడు ఆర్50 సంగతి చూద్దాం. బాడీ 375 గ్రాములే. సగానికి సగం తగ్గిపోయిందని చాలామంది ఇక్కడే కొనేస్తారు. కానీ మీ పాత 18-135ని దానికి తగిలించాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి, అదొక 110 గ్రాములు. 375కి 110, 515 కలిపితే సరిగ్గా కిలో. ఇప్పుడు మీ 80డికి అదే లెన్స్ పెడితే 1,245. అంటే ఇంత ఖర్చు పెట్టి మీరు దించుకున్న బరువు 245 గ్రాములు. పైగా బాడీ తేలిక, లెన్స్ బరువు కావడంతో కెమెరా ముక్కు కిందికి వాలిపోతూ ఉంటుంది, ఆ వాలును ఎడమచెయ్యి రోజంతా మోయాలి. కొత్త బాడీ, పాత లెన్సులు అనే దారిలో వెళ్లినవాళ్లు మెడనొప్పి తగ్గలేదని మళ్లీ రాస్తుంటారు. తగ్గదండీ, ఎందుకంటే బరువు ఉన్నది లెన్సుల్లో.

కాబట్టి ముందు లెన్స్ ఎంచుకోండి. మీరు ఎక్కువగా వాడేది 18-135 అని నా ఊహ, ప్రయాణాలు, పిల్లలు అన్నారు కాబట్టి. దానికి సమానమైన కెనాన్ మిర్రర్‌లెస్ లెన్స్ ఆర్ఎఫ్-ఎస్ 18-150 బరువు 310 గ్రాములు. ఆర్50తో కలిపితే 685. ఆర్ఎఫ్ 50 ఎంఎం 1.8 కూడా వేసుకుంటే 845. మీ 1,780లో ఇది సగం కూడా కాదు. ఇప్పుడు తేడా భుజానికి తెలుస్తుంది.

ఇంకా తక్కువ కావాలంటే 18-45 కిట్ లెన్స్ ఉంది, 130 గ్రాములే, బాడీతో కలిపి 505. కాకపోతే దాని అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నది) ఎఫ్4.5 దగ్గరే మొదలై 6.3కి పడిపోతుంది. పగలు బయట ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పిల్లలు పరుగులు పెడుతుంటే మాత్రం ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగును పెంచి చూపే అంకె, ఆకాశానికి ఎక్కుతుంది, ఫొటోలో నలకలు పడతాయి. అందుకే ఏ లెన్స్ తీసుకున్నా 50 ఎంఎం 1.8 లాంటిది ఒకటి పక్కన ఉండాలంటాను. జేబులో పడే లెన్స్ అది.

పక్షుల కోసం మీ 55-250ని అమ్మేయకండి. దాని 250 మీ చిన్న సెన్సర్ మీద, పెద్ద ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ లెక్కలో 400 ఎంఎం లాగా పనిచేస్తుంది, 18-150 చివర అదే లెక్కన 240 మాత్రమే. పక్షులకోసమే బయల్దేరిన రోజు ఆ లెన్సూ అడాప్టరూ, అంటే 485 గ్రాములు, బ్యాగులో వేసుకోండి. మిగతా రోజులు ఇంట్లో ఉంచండి. అడాప్టర్ మీద కెనాన్ డీఎస్ఎల్ఆర్ లెన్సులు (ఈఎఫ్, ఈఎఫ్-ఎస్) ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి, ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

ఇక బాడీ. నన్నడిగితే ఆర్50 కంటే ఆర్10 చూడమంటాను. బరువు 429, తేడా 54 గ్రాములే. ఆ 54 గ్రాముల్లో ఏమేం వస్తాయంటే, మీ 80డికి ఉన్నట్టే రెండు డయల్స్ ఉంటాయి, ఫోకస్ పాయింట్ కదపడానికి బుల్లి జాయ్‌స్టిక్ ఉంటుంది. ఆర్50కి ఒకటే డయల్. ఏళ్ల తరబడి ఒక వేలితో షట్టర్, ఒక వేలితో అపర్చర్ తిప్పిన చెయ్యికి ఒక డయల్ తీసేస్తే, మొదటి వారం బాగానే సర్దుకుంటుంది, ఆ తర్వాత ప్రతి ఫొటోకీ విసుగొస్తుంది. మీ ఫ్లాష్ సంగతి కూడా ఉంది. ఆర్50 మీద ఫ్లాష్ తగిలించే షూకి పాత ఫ్లాష్ నేరుగా ఎక్కదు, ఏడీ-ఈ1 అనే ఇంకో అడాప్టర్ కొనాలి. ఆర్10 మీద నేరుగా ఎక్కుతుంది. ఆర్50లో పూర్తి మెకానికల్ షట్టర్ కూడా లేదు. రోజువారీ ఫొటోల్లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు గానీ, 1.8 అపర్చర్ పూర్తిగా తెరిచి ఎండలో చాలా వేగమైన షట్టర్ పెడితే వెనక మసకగా కరగాల్సిన వెలుగు చుక్కలు కోసేసినట్టు వస్తాయి.

కొనే ముందు తప్పకుండా చేతిలో పట్టుకుని చూడండి. చిటికెన వేలు ఎక్కడ ఉందో గమనించండి. 80డి గ్రిప్ లోతుగా ఉంటుంది, నాలుగు వేళ్లూ కూర్చుంటాయి. చిన్న బాడీల్లో చిటికెన వేలు కిందికి జారిపోయి గాల్లో వేలాడుతుంది. కొందరు దాన్ని మడిచి బాడీ కింద ఆనించుకుంటారు, అది అలవాటైపోతుంది. కొందరికి పావుగంటలో మణికట్టు లాగుతుంది. ఇది పుస్తకంలో, స్పెసిఫికేషన్ల కాగితంలో తెలిసేది కాదు, మీ చెయ్యే చెప్పాలి.

సోనీ ఏ6400 మంచి కెమెరా, 403 గ్రాములు, దాని 16-50 కిట్ లెన్స్ 116. ఫుజీ ఎక్స్-టీ30 383 గ్రాములు, దాని 27 ఎంఎం లెన్స్ 84 గ్రాములే, ఆ జంట నిజంగా కోటు జేబులో పడుతుంది. రంగుల మాట కూడా నిజమే, కానీ అది కెమెరానే తయారుచేసిచ్చే జేపెగ్ ఫొటోలు వాడుకునేవాళ్లకు వర్తిస్తుంది. కెమెరా ఇంకా రంగులు దిద్దని రా ఫైలు తీసి కూర్చుని ఎడిట్ చేసుకునేవాళ్లకు ఏ కంపెనీ ఫైల్ అయినా తమకు నచ్చిన రంగులోకి తెచ్చుకోవచ్చు. మీ దగ్గర 55-250, ఫ్లాష్ ఉన్నాయి, కెనాన్ మెనూ చేతికి అలవాటైంది. అవన్నీ వదిలి వెళ్లడానికి తగిన కారణం మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, కొన్నాక బాధపడకూడదని. మీ 80డిది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న) సెన్సర్, ఆర్50, ఆర్10లదీ అంతే. ఫొటో నాణ్యత ఒక్కసారిగా పెరిగిపోదు. పెరిగేది మీకు దొరికే ఫొటోల సంఖ్య. పరిగెత్తే పిల్లాడి కన్ను ఫ్రేములో ఏ మూల ఉన్నా ఫోకస్ దాన్ని వెతికి పట్టుకుంటుంది. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు మధ్యలో గుంపుగా ఉండేవి గుర్తుందా, మనిషిని మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, సగం నొక్కి పట్టి, కెమెరా పక్కకు జరిపి తీసేవాళ్లం. ఆ పని ఇక లేదు. లెన్స్ కొంచెం ముందుకో వెనక్కో ఫోకస్ అవుతోందని బాడీలో సరిచేసుకునే తలనొప్పి కూడా పోతుంది, ఎందుకంటే ఫోకస్ చూసేదీ ఫొటో తీసేదీ ఒకే సెన్సర్.

ప్రశ్న: నాది నికాన్ డీ7200. 35 ఎంఎం 1.8జీ, 50 ఎంఎం 1.8డీ, 80-200 2.8డీ లెన్సులున్నాయి. జెడ్50 తీసుకుని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే పాత లెన్సులన్నీ వాడుకోవచ్చని విన్నాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఆ సగం తెలియక చాలామంది దెబ్బతిన్నారు, అందులో నాకు బాగా తెలిసినవాళ్లూ ఉన్నారు.

నికాన్ ఎఫ్ మౌంట్, అంటే లెన్స్ తగిలించే చోటు, 1959 నాటిది. లెన్స్ అంచుకీ ఫిల్ముకీ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే ఆ మధ్యలో అద్దం పైకీ కిందికీ ఆడాలి. జెడ్ మౌంట్‌లో అద్దం లేదు కాబట్టి ఆ దూరం 16 మిల్లీమీటర్లే. మిగిలిన 30.5 మిల్లీమీటర్ల ఖాళీని పూడ్చేదే ఎఫ్‌టీజెడ్. లోపల గాజు లేదు, ఖాళీ గొట్టం, అందుకే ఫొటో నాణ్యత తగ్గదు. ఇంతవరకూ శుభవార్తే.

చిక్కు ఎక్కడంటే, మీ డీ రకం లెన్సుల్లో ఫోకస్ మోటార్ లేదు. డీ7200 బాడీలో ఉన్న మోటార్ ఒక చిన్న స్క్రూ ద్వారా లెన్సును తిప్పుతుంది. మౌంట్ అంచున, కింది వైపు, స్క్రూడ్రైవర్ కొనలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది చూడండి, అదే. ఆ కొన ఎఫ్‌టీజెడ్‌లో లేదు. కాబట్టి మీ 35 ఎంఎం 1.8జీకి సొంత మోటార్ ఉంది, అది ఆటోఫోకస్ అవుతుంది. 50డీ, 80-200డీ రెండూ చేత్తో తిప్పుకోవాల్సిందే. కదలని వాటికి వ్యూఫైండర్‌లో పెద్దది చేసి చూసుకుంటూ హాయిగా తిప్పుకోవచ్చు, నిజానికి డీఎస్ఎల్ఆర్‌లో కంటే సులువు. కానీ 80-200 కొన్నది కదలని వాటికోసం కాదు కదా.

నా సలహా, డీ7200ని ఆ రెండు లెన్సులతో సహా అలాగే ఉంచుకోండి. అది ఇప్పటికీ గట్టి కెమెరా. రోజూ వెంట తిప్పుకోవడానికి జెడ్50, 16-50 కిట్ లెన్స్ తీసుకోండి. 450కి 135 కలిపితే 585 గ్రాములు. ఆ 16-50 లోపలికి ముడుచుకుంటే పలచగా అయిపోతుంది, లెన్స్‌లోనే వీఆర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంది. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, అది గుర్తుంచుకోండి, ఎందుకంటే మీ 35 1.8జీలోనూ వీఆర్ లేదు, సాయంత్రం వేళ షట్టర్ వేగం మీరే చూసుకోవాలి. అడాప్టర్‌ని ఇప్పుడే కొనకండి. మూడు నెలలు కిట్ లెన్స్‌తో తిరిగాక కూడా 35 మీద మనసు లాగుతుంటే అప్పుడు ఆలోచించవచ్చు.

ప్రశ్న: నేను కళ్లజోడు వాడతాను. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ అంటే చిన్న టీవీ చూసినట్టే కదా, కళ్లు లాగుతాయని భయంగా ఉంది. అద్దంలోంచి చూసిన అందం దీంట్లో ఉంటుందా?

జవాబు: ఆ అందం ఉండదు. మంచి అద్దపు వ్యూఫైండర్‌లోంచి పొద్దుటి ఎండ చూడటం వేరే అనుభవం, నేను ఇప్పటికీ దాన్ని తలుచుకుంటాను. కానీ దాని బదులు దొరికింది ఏమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. చీకటి చెట్టు ముందు తెల్ల కొంగ నిలబడి ఉంది. డీఎస్ఎల్ఆర్‌తో అయితే చుట్టూ ఉన్న చీకటి చూసి మీటర్ మోసపోయేది, ఫొటో తీసి, వెనక స్క్రీన్ మీద ఈకలు తెల్లటి ముద్దలా ఉండటం చూసి, సరిచేసి, మళ్లీ తల ఎత్తేసరికి కొంగ వెళ్లిపోయేది. ఇప్పుడు వ్యూఫైండర్‌లోనే ఈకల మీద గీతలు ఆడుతూ కనబడతాయి, ఇక్కడ వెలుగు ఎక్కువైందని. బొటనవేలితో డయల్ రెండు క్లిక్కులు తిప్పితే గీతలు పోతాయి, ఈక ఈకా విడిగా కనిపిస్తుంది, అప్పుడు నొక్కుతాం. కన్ను తీయకుండానే అయిపోతుంది. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ దృశ్యాన్ని చూపిస్తుంది, ఇది రాబోయే ఫొటోని చూపిస్తుంది.

కళ్లజోడు సంగతి మాత్రం నిర్లక్ష్యం చేయకండి. కెమెరా చూడటానికి వెళ్లినప్పుడు మీ కళ్లజోడు పెట్టుకునే చూడండి. ముందు పక్కనున్న చిన్న చక్రం తిప్పి అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేసుకోండి, ఇది చేయకుండా మసకగా ఉందని కెమెరా వద్దనుకున్నవాళ్లను చూశాను. తర్వాత నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తున్నాయా లేక కన్ను అటూ ఇటూ జరపాల్సి వస్తోందా చూడండి. జరపాల్సి వస్తే ఆ కెమెరా మీకు కాదు. ఆ తర్వాత కెమెరాని గదిలో నెమ్మదిగా ఒక గోడ నుంచి ఇంకో గోడకి తిప్పండి, తల తిరిగినట్టు అనిపిస్తే మెనూలో వ్యూఫైండర్ వేగం పెంచే వీలుందో లేదో కనుక్కోండి. చివరగా వెలుతురు తక్కువున్న మూలకి తిప్పండి, బొమ్మలో నలకలు కనిపిస్తాయి, అవి వ్యూఫైండర్‌వే, ఫొటోలో అంత రావు.

బాగా చిన్నదని చెప్పి నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటివి అంటగడతారు, వాటికి వ్యూఫైండరే లేదు. డీఎస్ఎల్ఆర్ నుంచి వచ్చేవాళ్లు ఎండలో స్క్రీన్ చూడలేక చెయ్యి అడ్డం పెట్టుకుంటూ నానా అవస్థ పడతారు. వీడియో తీసుకునేవాళ్లకు అవి మంచివే, మీకు వద్దు.

ప్రశ్న: ఎలాగూ మారుతున్నాం కాబట్టి ఒకేసారి ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లిపోదామనుకుంటున్నాను. సోనీ ఏ7సీ 509 గ్రాములే కదా, ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్ కంటే తేలిక. మా స్నేహితుడు మాత్రం మైక్రో ఫోర్ థర్డ్స్ అంటాడు. ఎవరు కరెక్ట్?

జవాబు: ఏ7సీ నిజంగా మంచి ఇంజినీరింగ్, 36 బై 24 మిల్లీమీటర్ల సెన్సర్‌ని అంత చిన్న బాడీలో బాడీ స్టెబిలైజేషన్‌తో సహా కూర్చోబెట్టారు. అయితే బాడీని కుదించినట్టు లెన్సును కుదించలేరు. సెన్సర్ పెద్దదైతే దాని మీద పడాల్సిన వెలుగు వలయం పెద్దది కావాలి, అంటే గాజు పెద్దది కావాలి. సోనీ 24-70 2.8 జీఎం మొదటి రకం 886 గ్రాములు, రెండో రకం 695. చిన్న కెమెరాకి ముందు పెద్ద డబ్బా తగిలించినట్టుంటుంది. చిన్నగానే ఉంచాలంటే 28-60 అనే 167 గ్రాముల జూమ్ ఉంది, దాని అపర్చర్ 4 నుంచి 5.6. లేదంటే 40 ఎంఎం 2.5జీ, 173 గ్రాములు. ఏ7సీ, ఆ 40 ఎంఎం మాత్రమే పెట్టుకుని కాళ్లతోనే జూమ్ చేసుకుంటానంటే నేను సంతోషంగా సరే అంటాను, ఆ జంట 682 గ్రాములు, చాలా బాగుంటుంది. అన్ని లెన్సులూ కావాలంటే మాత్రం ఏడాది తిరిగేసరికి మళ్లీ పాత బ్యాగు బరువుకే వస్తారు. వ్యూఫైండర్ కూడా చిన్నది, 0.59 రెట్లే, పైన ప్రశ్న అడిగిన కళ్లజోడు వారికైతే అస్సలు చెప్పను.

మీ స్నేహితుడి మాట కొట్టిపారేయలేను. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ 17.3 బై 13 మిల్లీమీటర్లు, ఫుల్ ఫ్రేమ్‌లో నాలుగో వంతు వైశాల్యం. అద్దం తీసేసి లెన్సులు మార్చుకునే కెమెరాల్లో ఈ దారి తెరిచింది 2008లో వచ్చిన పానాసోనిక్ జీ1, అదీ ఈ సెన్సర్‌తోనే. ఇదే సెన్సర్ ఉన్న ఓఎం సిస్టమ్ ఓఎం-5 బాడీ 414 గ్రాములు, 12-45 ఎఫ్4 లెన్స్ 254, అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 90 ఎంఎం వరకు చూసే జంట 668 గ్రాములకి, చినుకుల్లో కూడా భయం లేకుండా. 40-150 ఎఫ్4 లెన్స్ 382 గ్రాములు, అది 300 వరకు చూస్తుంది. అవి రెండూ బాడీతో కలిపి కిలో పైన 50 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్‌లో ఇంత తక్కువ బరువులో ఈ పరిధి నాకు తెలిసి రాదు.

దీనికి మీరు ఇచ్చేది ఏమిటంటే వెనక మసక తగ్గుతుంది. ఇక్కడి ఎఫ్4 ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్8 పెట్టినంత లోతు చూపిస్తుంది. చీకట్లో నలకలు ముందే మొదలవుతాయి. కొండలెక్కేవాళ్లు, మొక్కలు, పురుగులు దగ్గర్నుంచి తీసేవాళ్లు దీన్ని అసలు లోటుగానే చూడరు, ఆ లోతు వాళ్లకు కావాల్సిందే. ముఖాలు తీసేవాళ్లు, రాత్రి తీసేవాళ్లు చూస్తారు. మీరు ఏం తీస్తారో ఉత్తరంలో రాయలేదు. పోయిన రెండేళ్ల ఫొటోల్లో మీకు బాగా నచ్చినవి ఒక యాభై తీసి, అవి ఏ ఫోకల్ లెంగ్తులో, ఏ ఐఎస్ఓలో ఉన్నాయో ఫైలు వివరాల్లో చూడండి. ఐఎస్ఓ 1600 దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే మీ స్నేహితుడి మాట వినండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ ఎం50 చవగ్గా వస్తోంది. చిన్నదిగా, ముద్దుగా ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: కెమెరా మంచిదే, మౌంట్ ఆగిపోయింది. కెనాన్ ఈఎఫ్-ఎం మౌంట్ 2012లో మొదలై 2023లో ముగిసింది. అందులో బాధాకరమైన సంగతి, ఆ లెన్సుల్ని రేపు కెనాన్ ఆర్ బాడీలకి మార్చుకోలేరు. లెన్స్ అంచు నుంచి సెన్సర్‌కి ఈఎఫ్-ఎం దూరం 18 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్ దూరం 20, అంటే అడాప్టర్ పెట్టడానికి చోటే లేదు. 22 ఎంఎం ఎఫ్2 ఒక్కటి పెట్టుకుని, ఇంకేమీ కొనను, పాడయ్యేదాకా వాడతాను అనుకుంటే నిశ్చింతగా తీసుకోండి. ముందు ముందు ఒక్కో లెన్సూ చేర్చుకుందామనుకుంటే వద్దు. నికాన్ 1 రకం, శాంసంగ్ ఎన్ఎక్స్ కూడా ఇలాగే ఆగిపోయినవి, చవగ్గా కనబడతాయి, జాగ్రత్త.

ప్రశ్న: మా పాప సంగీతం నేర్చుకుంటోంది. ప్రోగ్రాముల్లో నా డీఎస్ఎల్ఆర్ చప్పుడుకి అందరూ వెనక్కి తిరుగుతున్నారు. మిర్రర్‌లెస్ నిజంగా చప్పుడు చేయదా?

జవాబు: ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే అసలు చేయదు. నిశ్శబ్దంగా ఉన్న చిన్న హాల్లో, పాట చివర స్వరం సన్నగా తగ్గుతున్నప్పుడు, నా పాత కెమెరా అద్దం టపక్కుమని కొట్టుకోవడం నాకు ఇంకా చెవిలో ఉంది. పాడుతున్న అమ్మాయి కనురెప్ప అదిరింది, ఆ ఫొటోలో అది కనిపిస్తుంది కూడా. ఆ ఒక్క కారణానికే మారినా తప్పులేదంటాను.

అయితే ఒక జాగ్రత్త. ఎలక్ట్రానిక్ షట్టర్ చాలా కెమెరాల్లో సెన్సర్‌ని పై నుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. స్టేజీ మీద ఎల్ఈడీ లైట్లు కంటికి తెలియకుండా మినుకుమంటుంటాయి, దాంతో ఫొటో మీద అడ్డంగా నల్లటి చారలు పడతాయి. మొదట్లో రెండు మూడు ఫొటోలు తీసి పెద్దది చేసి చూసుకోండి. చారలుంటే షట్టర్ వేగాన్ని 1/100 కి, ఇంకా ఉంటే 1/50 కి దించండి, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట చాలావరకు పోతాయి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120 లేదా 1/60. అయినా పోకపోతే మెకానికల్ షట్టర్‌కి రండి, అద్దం చప్పుడు లేదు కాబట్టి అది కూడా పాతదాని కంటే మెల్లగానే ఉంటుంది. వయొలిన్ కమాను వేగంగా కదులుతుంటే అది వంకర తిరిగినట్టు రావడం కూడా ఇదే కారణానికి.

ప్రశ్న: బ్యాటరీ త్వరగా అయిపోతుందట, లెన్స్ మార్చినప్పుడు సెన్సర్ మీద దుమ్ము పడుతుందట. ఇవన్నీ నిజమేనా, ఊరికే భయపెడుతున్నారా?

జవాబు: రెండూ నిజమే, రెండిటికీ మందు ఉంది. 80డి ఒక చార్జింగ్‌తో 960 ఫొటోలని కంపెనీ లెక్క, సోనీ ఏ6400కి అదే లెక్కన 410, వ్యూఫైండర్‌లో చూస్తే 360. సెన్సరూ స్క్రీనూ ఎప్పుడూ వెలిగే ఉంటాయి మరి. రెండో బ్యాటరీ కెమెరాతోపాటే కొనేయండి, దాన్ని ఐచ్ఛికం అనుకోకండి. యూఎస్‌బీ ద్వారా చార్జ్ అయ్యే కెమెరా అయితే ప్రయాణంలో ఫోన్ పవర్‌బ్యాంకే దీనికీ పనికొస్తుంది, విడి చార్జర్ బరువు తప్పుతుంది.

దుమ్ము విషయంలో, డీఎస్ఎల్ఆర్‌లో అద్దమూ షట్టరూ అడ్డుండేవి, ఇక్కడ లెన్స్ తీయగానే సెన్సర్ ఎదురుగా మెరుస్తూ కనబడుతుంది. స్విచ్ ఆపు చేసి, కెమెరా నోరు కిందికి పెట్టి, రెండో లెన్స్ మూత ముందే వదులు చేసి ఉంచుకుని మార్చండి. నోటితో ఊదకండి, తుంపర పడితే దుమ్ము కంటే పెద్ద పని. రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి.

ప్రశ్న: కొత్తది కొంటే పాత డీఎస్ఎల్ఆర్ వెంటనే అమ్మేయాలా? ఆలస్యం చేస్తే ధర పడిపోతుందని తొందరపెడుతున్నారు. నాకేమో మనసొప్పడం లేదు.

జవాబు: తొందరపడకండి. రెండు నెలల్లో పడే ధర కంటే, అమ్మేశాక మళ్లీ కొనాల్సి వస్తే పడే దెబ్బ పెద్దది. కొత్త కెమెరా వచ్చిన మొదటి నెల అంతా అదొక్కటే పట్టుకెళ్లండి. మెనూలు వేరు, బటన్లు వేరు, కోపం వస్తుంది, వచ్చినా పాతది తీయకండి. రెండో నెలలో, పాతదాన్ని ఎప్పుడెప్పుడు తీయాలనిపించిందో ఒక కాగితం మీద రాసుకోండి. పక్షుల కోసం రెండుసార్లు, ఫ్లాష్ కోసం ఒకసారి, అలా. కాగితం ఖాళీగా ఉంటే నిశ్చింతగా అమ్మండి, లేదా ఫొటోలు నేర్చుకోవాలని ఉబలాటపడే పిల్లలెవరికైనా ఇవ్వండి, నేర్చుకోవడానికి డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ చాలా మంచిది. నిండిపోతే ఉంచుకోండి.

ఉంచుకునేటట్టయితే బ్యాటరీ బయటికి తీసి, సగం చార్జ్‌తో విడిగా పెట్టండి. లెన్సుల్ని తోలు సంచుల్లో మూసిపెట్టకండి, తేమ పట్టి లోపలి గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది, అది వచ్చాక తీయించడం కష్టం. గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి, నెలకోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి.